పాపికొండల ‘ఆఫ్ ట్రాక్’ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

రాజమండ్రి, కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరుగుతోంది. రెండు కొండల మధ్య వంపు తిరిగిన గోదావరి, కింద “పాపికొండల సీక్రెట్ వ్యూ పాయింట్, మనిషికి 2,200” అని. అది చూసే మేం డిసెంబరులో రావులపాలెం నుంచి ఐదుగురం వెళ్ళాం. దయచేసి మీరు వెళ్ళకండి.

అటవీశాఖ అనుమతి ఉందన్నారు. లోకల్ గైడు, మూడు కిలోమీటర్ల తేలిక నడక, పిల్లలు కూడా రావచ్చన్నారు. 11,000 ముందే ఫోన్‌పేలో వేయించుకున్నారు. తీరా వెళ్ళాక గైడని చూపించిన కుర్రాడిది కాకినాడ. ఆ కొండ ఎక్కడం అతనికి రెండోసారట. చుట్టుపక్కల గూడేల్లో కొండరెడ్లు ఉన్నారు, ఆ అడవి వాళ్ళకి కొట్టినపిండి. ఒక్కరినైనా వెంట తీసుకోలేదు.

అరగంటకి కాలిబాట అయిపోయింది. “ఇక్కణ్ణుంచి దారి ఉండదండీ, మనమే చేసుకుని వెళ్ళాలి” అన్నాడు. కొండ వెన్ను మీద ఎండు వెదురాకు మందంగా పరుచుకుని ఉంది, దాని కింద వదులు రాళ్ళు. ఆకు మీద కాలు నిలిచిందనుకుంటే కింద రాయి దొర్లుతుంది. కొన్నిచోట్ల ఆ వెన్ను మన పొలం గట్టంతే, రెండు పక్కలా లోయ. మా బావమరిది ఆసరాకి పట్టుకున్న వెదురు ఎండుది, ఫట్‌మని విరిగి చేతిలోకొచ్చేసింది. పదడుగులు జారి, ఒక చెట్టు మొదలు అడ్డం ఉండబట్టి ఆగాడు. చీలమండ క్షణాల్లో వాచిపోయింది. ఫోన్లు తీస్తే సిగ్నల్ లేదు. గైడు దగ్గర కట్టు కట్టడానికి గుడ్డపీలిక కూడా లేదు, మా ఆవిడ చున్నీతో కట్టాం.

నీళ్ళూ అయిపోయాయి. మన ఊళ్ళలో ఏ గట్టెక్కినా పక్కనే కాలువ. అక్కడ కింద గోదావరి కనిపిస్తూనే ఉంది, మా పన్నెండేళ్ళ పాపకి గుక్కెడు నీళ్ళు లేవు. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

వెదురు సందుల్లోంచి నది ఓ ముక్క కనపడింది, అంతే. పోస్టర్‌లోని వ్యూ పాయింట్ ఏదని గట్టిగా అడిగితే, ఆ ఫొటో డ్రోన్‌తో తీసిందని కుర్రాడు ఒప్పుకున్నాడు.

మోసుకుంటూ దిగేసరికి చీకటి పడింది. కింద అటవీ సిబ్బంది అనుమతి కాగితం అడిగితే గైడు నీళ్ళు నమిలాడు. పాపికొండలు 2008 నుంచి నేషనల్ పార్కు. అనుమతి లేకుండా లోపలికెళ్తే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, డబ్బు కట్టి వెళ్ళిన మనకి కూడా. పాపని, బావమరిది కాలిని చూసి మమ్మల్ని హెచ్చరించి వదిలేశారు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు మన జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. ఆ తర్వాతే బోటెక్కేముందు లైఫ్ జాకెట్ అడగడం మనకి అలవాటైంది. కొండెక్కించేవాళ్ళని కూడా అంత గట్టిగానూ అడగండి: గైడుది ఏ ఊరు, ఎవరికైనా దెబ్బ తగిలితే ఎటు దించుతారు, నీళ్ళు ఎన్ని లీటర్లు మోస్తారు?

డబ్బు వాపసు అడిగితే “వెళ్ళొచ్చారు కదండీ” అంటున్నారు. పోస్టర్, చాట్ స్క్రీన్‌షాట్లు, పేమెంట్ రసీదు జత చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీరూ మోసపోయి ఉంటే అవేవీ డిలీట్ చేయకండి.

సంక్రాంతి సెలవులకి అదే ఫొటోతో కొత్త బ్యాచ్ అంటున్నారు. అడ్వాన్సు వేసేముందు, మీరు వెళ్ళే తేదీతో ఉన్న అనుమతి కాగితం పంపమనండి. మాకు ఇవాళ్టికీ చూపించలేదు.