రావణుడి డ్రెస్సు కిరాయికి తెచ్చేటోళ్లు జర పైలం

నాటకాల డ్రెస్సులు కిరాయికి తెచ్చుకునే అన్నలకు, అక్కలకు ముందుగాలనే ఒక మాట. కవరు దుకాణంల్నే విప్పి చూడకుండ ఇంటికి తెచ్చుకోకుండ్రి. నేను తెచ్చుకున్న, వెయ్యి రూపాయలు పోగొట్టుకున్న.

వరంగల్ ఉర్సుగుట్ట కాడ రంగలీల మైదానంల దసరా నాడు రావణుడి బొమ్మ కాలుస్తరు గదా, దానికి ముందురోజు రాత్రి మా వాడల నాటకం. రావణుడి వేషం నాది. కమిటోళ్లు చేతిల పెట్టింది 3,000. రాముడేసే పిలగానికి ఓ పట్టుపంచె, వెదురు విల్లు ఉంటే అయిపాయె. ఖర్చంత రాక్షసునికే. కిరీటం, భుజకీర్తులు, వడ్డాణం, కత్తి, పైకెల్లి తొమ్మిది తలకాయలు.

వరంగల్‌ల ఒక దుకాణపాయన ఫోన్ల ఫోటో చూపెట్టిండు. మెరూన్ మఖ్మల్ కోటు, జరీ అంచు, తళతళ మెరిసే కిరీటం. ఒక్కరోజుకు కిరాయి 1,000, డిపాజిట్ 1,500. సరే అన్న. సద్దుల బతుకమ్మ నాడు పొద్దుమూకంగ పోతే దుకాణం కిటకిట. ముడేసిన కవరు చేతిల పెట్టి "అన్ని ఉన్నయి తమ్మీ, ఇంటికాడ చూస్కో" అన్నడు. రసీదు అడిగితే అగ్గిపెట్టంత చిట్టీ మీద "రావణ 1, డి. 1500" అని రాసిచ్చిండు. గంతే.

ఇంటికచ్చి ట్యూబ్‌లైటు కింద విప్పిన. కోటు చంక కాడ చినిగితే కుట్టేసుడు కూడ కాదు, స్టాప్లర్ పిన్నులు కొట్టిన్రు. వరుసగ పదకొండు, లెక్కపెట్టిన. కిరీటం ముందల బాగనే ఉంది, ఎనకకు తిప్పితే అద్దం బిళ్లలు రాలిపోయి గమ్ము మరకలే మిగిలినయి. భుజకీర్తులు రెండు రెండు తీర్ల ఉన్నయి, ఎడమదానికి ఎర్రరాళ్లు, కుడిదానికి నీలిరాళ్లు. చెమట వాసన సంగతి చెప్పనే వద్దు. ఫోన్ చేస్తే ఎత్తలే. నాటకంల చెయ్యెత్తి డైలాగు కొట్టంగనే పిన్ను గుచ్చుకుంది. హనుమంతుడు లంకకు రాకముందే నేను ఎగిరిన. జనం అదీ యాక్షనే అనుకొని చప్పట్లు కొట్టిన్రు.

సెట్టుతోని ముఖం రంగు డబ్బా ఫ్రీ అని ఇచ్చిండు. దాని మీద పేరు లేదు, తారీకు లేదు. మూత తీసి మళ్లా పెట్టేసిన. మా అక్క లిప్‌స్టిక్, కాటుకతోనే కానిచ్చిన.

ఇగ వాపసిచ్చే కత. తెల్లారి దసరా, దుకాణం బంద్. ఆ తెల్లారి పోతే "ఇంకో రోజు కిరాయి 500" అన్నడు. బిళ్లలు రాలినయని 300, చంక చినిగిందని 200. ముందునుంచే గట్ల ఉండె అని పిన్నులు చూపెట్టిన. "ఆ పిన్నులు నువ్వే కొట్టినవేమో" అన్నడు! చేతికచ్చింది 500. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకుందామన్నా చూపెట్టనీకి ఆ చిట్టీ తప్ప ఏముంది నా దగ్గర?

మీరైతే కౌంటర్ మీదనే అన్ని పరిచి, దుకాణపాయన మాట వినపడేటట్టు వీడియో తీస్కోండ్రి. ఏది చినిగిందో, ఎన్ని వస్తువులిచ్చిన్రో, పండుగ నాడు బందుంటే ఏ రోజు తేవాలెనో రసీదు మీద రాపిచ్చుకోండ్రి. కిరీటం నెత్తిన పెట్టుకొని వంగి చూడుండ్రి. నాది రెండుసార్లు సీత కాళ్ల కాడ పడ్డది.

తలకాయల కాడ తప్పు మాత్రం నాదే. థర్మాకోల్ షీటు కోసి ముఖాలు చేసి, 250 పెట్టి బంగారు రంగు స్ప్రే డబ్బా కొన్న. కొట్టిన నిమిషంల ముక్కులు కరిగిపోయినయి, చెంపలు చెదలు తిన్న చెక్క లెక్క అయినయి. స్ప్రేల ఉండే సాల్వెంటు థర్మాకోల్‌ను తింటది, రబ్బరు సొల్యూషన్ కూడ అంతే. ముందు ఫెవికాల్‌తోని పేపరు ముక్కలు రెండు పొరలు అంటించి ఆరబెట్టి, నీళ్లల్ల కలిపే రంగు వేస్తే ఏం కాదట. నాకు టైం లేకపాయె. కిరాణం దుకాణంల అట్టపెట్టెలు అడుక్కొచ్చి కోసిన. ఒక దిక్కు అయిదు, ఒక దిక్కు నాలుగు గదా, అంత ఓ పక్కకే ఒరిగింది. నాలుగు తలల దిక్కు పాత టార్చిలైటు సెల్లు ఒకటి టేపేసి కడితే నిలబడ్డది.

నెల ముందుగాల తెలిస్తే చేర్యాలల బొమ్మలు చేసే నకాశోళ్లకు చెప్పేటోన్ని. కట్టెపొట్టు, చింతగింజల గంజి కలిపి చేస్తరు ముఖాలు. అగ్గువకైతే రావు గని, కిరాయి లెక్క ఏటేటా కట్టే పని ఉండదు.

ఇంకోటి. ఆ కోటు దీపావళికి నరకాసురుని పేరు మీద మళ్లా బయటికొస్తది. మెరూన్ మఖ్మల్, కుడి భుజకీర్తికి నీలిరాళ్లు. ఎవరికన్న చూపెడితే ముందు ఎడమ చంక కాడ చెయ్యి పెట్టి చూడుండ్రి.