999కి మెసేజ్: మూడేళ్ల తర్వాత

బ్రిటన్‌లో మనలా వినపడనివాళ్లు అత్యవసర నంబరు 999కి మెసేజ్ పెట్టొచ్చని తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు కాబట్టి ఆ వివరాల్లోకి వెళ్లను. నాకు చెప్పాలని ఉన్నది అవతలి నుంచి వచ్చే జవాబు గురించి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు జ్వరంతో వినికిడి పోయింది. నేను మాట్లాడేది ఇంట్లోవాళ్లకి తప్ప అర్థం కాదు. మూడేళ్ల కిందట రెడింగ్‌లో దిగిన వారంలోనే మా ఆయన నా నంబరు నమోదు చేయడానికి నా ఫోన్లోంచి 999కి 'రిజిస్టర్' అని పంపించారు. వాళ్ల మెసేజ్‌కి 'యెస్' కొట్టాను. తర్వాత దాని ఊసే మరిచిపోయాను.

కిందటి చలికాలం అత్తయ్య గుంటూరు నుంచి వచ్చారు. మా ఆయన నైట్ డ్యూటీలో ఉన్నారు. రాత్రి రెండు దాటాక ఆవిడ నన్ను తట్టి లేపారు. ఒళ్లంతా చెమట, చెయ్యి గుండె మీద. ఆవిడకి ఇంగ్లీషు రాదు. నేనా, ఫోన్లో మాట్లాడలేను. అంబులెన్స్ కావాలి, 68 ఏళ్లావిడకి గుండెనొప్పి అని రాసి, ఇంటి నంబరు, వీధి, పోస్ట్‌కోడ్ చేర్చి పంపాను. జవాబు వచ్చేదాకా మన మెసేజ్ అందిందని అనుకోకూడదు. ఫోను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఫోను అదిరింది. స్పృహలో ఉన్నారా, ఊపిరి సరిగా ఆడుతోందా అని అడిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పటి నుంచి ఏ ఫోనూ నాకు అలా బదులు పలకలేదు.

ఆస్పిరిన్ ఉందా, ఆవిడకి పడుతుందా అని ఇంకొకటి. అత్తయ్య పెదవులు చూసి ఆవిడ తెలుగుని ఇంగ్లీషులోకి మార్చి కొట్టాను. నమిలించమన్నారు. వీధి తలుపు తీసి ఉంచమన్నారు. అది చెప్పకపోతే ఏమయ్యేదో! బెల్లు నాకు వినపడదు, అత్తయ్య లేవలేరు.

స్టెంటు వేశారు. ఇప్పుడు బాగున్నారు.

ఒకటి మాత్రం చెప్పాలి. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య ఎదురుచూపు తప్పదు. మనం రాసింది ఒకరు అంబులెన్స్ వాళ్లకి చదివి వినిపించి, వాళ్లన్నది టైప్ చేసి మనకి పంపుతారు. పక్కన ఇంగ్లీషు మాట్లాడేవాళ్లుంటే ఫోను చేయించడమే మేలు. రాత కూడా కంగారులో తడబడకుండా రావాలి. నాకు రోజూ ఆఫీసులో ఇంగ్లీషు రాసే అలవాటుంది కాబట్టి గట్టెక్కాను.

బ్రిటిష్ సైగల భాష (బీఎస్ఎల్) బాగా వచ్చినవాళ్లకి 2022లో మొదలైన 999 బీఎస్ఎల్, అంటే సైగలతో చేసే వీడియో కాలే సుఖమేమో. నేను హైదరాబాద్‌లో నేర్చింది మన భారతీయ సంజ్ఞా భాష. రెండు చేతుల వేళ్లతో అక్షరాలు చూపడం దగ్గరగానే ఉంటుంది గానీ సైగలు చాలావరకు వేరు. ఆ రాత్రి వీడియోలో నాకు సగం కూడా అందేది కాదు. ఊరెళ్తే అక్కడి అత్యవసర సాయం యాప్ 112 ఇండియా ఫోన్లో ఉంచుకుంటాను, వాడే అవసరం ఇంకా రాలేదు.

పోయిన నెల నంబరు మార్చాను. పాత నంబరు మీద చేసిన రిజిస్ట్రేషన్‌ని నమ్ముకోలేను కదా. కొత్త సిమ్ వేసి మళ్లీ 'రిజిస్టర్' పంపాను. అయిందన్న మెసేజ్ వచ్చేదాకా షాపులోంచి కదల్లేదు.