వైజాగ్‌లో అయిదు రోజులు, చేతి మీద పదకొండు వాసనలు

లాడ్జి గది తలుపు తీయగానే మల్లెపూల రూమ్ ఫ్రెషనర్ గుప్పుమని కొట్టింది. అది కాస్త తగ్గాక ఫినాయిల్. రాత్రి పడుకున్నాక, బీరువాలోంచి నెమ్మదిగా కలరా ఉండలు. రెండ్రోజుల తర్వాత సెంట్ల వ్యాపారం క్లాసులో కొట్టగానే వచ్చే టాప్ నోట్, కాసేపటికి తేలే మిడిల్ నోట్, చివరిదాకా నిలిచే బేస్ నోట్ అంటే ఏంటో చెప్తుంటే మా వదిన నా వైపు తిరిగి, "మన లాడ్జి రూమే కదే" అంది. అప్పటిదాకా నిద్రమత్తులో ఉన్న నేను ఒక్కసారి లేచి కూర్చున్నాను.

మేం వైజాగ్ వెళ్ళింది సముద్రం కోసం కాదు. వదినకి గుడివాడలో పదేళ్ళుగా బ్యూటీ పార్లర్ ఉంది. నేను విజయవాడలో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను. ఇద్దరం కలిసి సెంట్లు, రోల్-ఆన్‌ల చిన్న బ్రాండ్ ఒకటి పెడదామని ఏడాది నుంచి అనుకుంటున్నాం. వాసనలు కలపడం నేర్పే వీడియోలు ఫోన్ నిండా ఉన్నాయి. వాటిని అమ్మడం, ధర కట్టడం, లైసెన్స్ తెచ్చుకోవడం నేర్పేవాళ్ళే దొరకలేదు. ద్వారకానగర్‌లో ఒక సంస్థ కాస్మెటిక్స్ వ్యాపారం మీద రెండు రోజుల కోర్సు పెడుతోందని తెలిసి, మనిషికి 6,500 కట్టి, ఫిబ్రవరి ఆఖరి వారంలో రత్నాచల్ ఎక్కాం. పొద్దున్నే విజయవాడలో ఎక్కితే మధ్యాహ్నానికి వైజాగ్‌లో దింపేస్తుంది, పగటి ప్రయాణం, ఆడవాళ్ళిద్దరికి ఇంతకంటే సుఖమైన బండి లేదు.

మొదట ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో ఉన్నాం. రోజుకి 1,400. క్లాసుకి నడిచి వెళ్ళొచ్చు, కింద టిఫిన్ హోటల్, వేడినీళ్ళు టైముకి వస్తాయి. మామూలు యాత్రికులకైతే వంక పెట్టడానికేం లేదు. కానీ వాసన చూడ్డమే పనిగా వచ్చినవాళ్ళకి ఆ గది నరకం. రూమ్ బాయ్‌ని పిలిచి "బాబూ, ఆ స్ప్రే కొట్టకు" అని చెప్పాం. మేం క్లాసు నుంచి వచ్చేసరికి, మమ్మల్ని సంతోషపెట్టడానికి కాబోలు, ఇంకో రకం కొట్టి ఉంచాడు.

మూడో రోజు ఎంవీపీ కాలనీలో ఒక ఇంటి పై అంతస్తులో గెస్ట్ రూమ్‌కి మారాం. 1,900. లిఫ్ట్ లేదు, వదిన మోకాళ్ళు నన్ను తిట్టాయి. కానీ రెండు వైపులా కిటికీలు, తెరిస్తే గాలి, దుప్పటికి ఎండ వాసన. సెంటు వ్యాపారం పని మీద వెళ్ళేవాళ్ళు గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఒక్కటే అడగండి: కిటికీ తెరుచుకుంటుందా? ఏసీ ఉందా అన్నది తర్వాత.

ఇక కోర్సు. నిజం చెప్పాలంటే 6,500లో సగం దండగ. మొదటి రోజు పొద్దుటి పూటంతా స్లైడ్లు చదివి వినిపించారు. ప్రపంచంలో పెద్ద బ్రాండ్ల సెంట్లు ఎక్కువ భాగం ఆ బ్రాండ్లు సొంతంగా తయారు చేసేవి కావని, జివోడాన్, డీఎస్ఎమ్-ఫిర్మెనిక్, ఐఎఫ్ఎఫ్, సిమ్రైజ్ లాంటి కంపెనీలు వాసన తయారుచేసి ఇస్తాయని చెప్పారు. ఇది మాత్రం నాకు కొత్త. ఎక్కడ చదువుకోవచ్చో కూడా ఒక స్లైడ్: ఫ్రాన్స్‌లో వెర్సాయ్‌లో 1970లో మొదలైన సెంట్ల కాలేజీ ఇసిప్కా, న్యూయార్క్‌లో కాస్మెటిక్స్, సెంట్ల మార్కెటింగ్‌నే డిగ్రీగా చెప్పే ఫ్యాషన్ కాలేజీ ఎఫ్‌ఐటీ, మన దేశంలో అత్తర్ల ఊరు కన్నౌజ్‌లో (ఉత్తరప్రదేశ్) 1991లో పెట్టిన సుగంధాల కేంద్రం ఎఫ్‌ఎఫ్‌డీసీ. గుడివాడ పార్లర్ మూసి న్యూయార్క్ ఎవరు వెళ్తారండీ. బ్రోషర్‌లో రాసిన ఫ్యాక్టరీ విజిట్ చివరి నిమిషంలో రద్దయింది, బదులుగా పద్దెనిమిది నిమిషాల వీడియో వేశారు. డబ్బు సంగతి అడిగితే "చూద్దాం మేడం" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

మిగతా సగం డబ్బు మాత్రం ఒకే ఒక్క మనిషి రాబట్టాడు. రెండో రోజు మధ్యాహ్నం వచ్చిన పెద్దాయన, ఎన్నో ఏళ్ళు సబ్బులు, పౌడర్ల కంపెనీల్లో సేల్స్ చేసి రిటైరయ్యారట. స్లైడ్లు లేవు. బ్యాగ్‌లోంచి 50 మిల్లీలీటర్ల సెంటు సీసా తీసి బల్ల మీద పెట్టి, "దీని ఎమ్మార్పీ 590 అనుకోండి. ఇందులో సెంటు ఎంత?" అన్నారు.

బోర్డు మీద ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చారు. సెంటు మీద జీఎస్టీ 18 శాతం, అంటే 590లో 90 ప్రభుత్వానికి. మిగిలింది 500. షాపుకి, డిస్ట్రిబ్యూటర్‌కి కలిపి 200 అనుకుందాం. 300. సీసా మీద ఓ డ పర్ఫ్యూమ్ (కాస్త చిక్కటి రకం సెంటు) అని రాసుకున్నారు కాబట్టి 15 శాతం కాంపౌండ్, అంటే అసలు వాసన నూనె, వేశారనుకుంటే ఏడున్నర గ్రాములు. కిలో నాలుగు వేల సరుకైతే 30 రూపాయలు. "అదీ మీరు వాసన చూసి మురిసిపోయేది. ముప్పై." సీసా, పంపు, మూత, అట్టపెట్టె కలిపి 70. ఆల్కహాల్, నింపే కూలి, రవాణా, పగిలినవి, వెనక్కొచ్చినవి, వాసన చూడ్డానికి ఊరికే ఇచ్చే టెస్టర్లు, కౌంటర్ దగ్గర నిలబడే అమ్మాయి జీతం, ఫోటోలు, ప్రకటనలు. చివరికి బోర్డు మీద మిగిలిన అంకె చూసి వెనక బెంచీలో ఒకబ్బాయి "సార్, జీఎస్టీ రెండుసార్లు తీసేశారా?" అని అడిగాడు. తీయలేదు.

ఇంకో ముక్క కూడా ఆయన చెప్పిందే. 2025 సెప్టెంబర్ 22 నుంచి టాల్కం పౌడర్, షాంపూ, తలనూనె, ఒంటి సబ్బు బిళ్ళలు 5 శాతంలోకి వచ్చాయి, సెంటు మాత్రం 18లోనే ఉండిపోయింది. ఒకే పేరు మీద పౌడరూ సెంటూ అమ్మాలనుకుంటే రెండు రేట్లు, రెండు లెక్కలు. నేను అక్కడికక్కడే మా నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పాను.

లోన్ లైసెన్స్ అనగానే వదిన కళ్ళు మెరిశాయి, బ్యాంకు లోన్ అనుకుంది. కాదు. సొంత ఫ్యాక్టరీ లేకుండా, అన్ని వసతులూ ఉన్న వేరేవాళ్ళ యూనిట్‌లో మన సరుకు చేయించుకోవడానికి తెచ్చుకునే లైసెన్స్. 2020 కాస్మెటిక్స్ రూల్స్‌లో దానికి దరఖాస్తు ఫారం సీఓఎస్-6, చేతికొచ్చే లైసెన్స్ సీఓఎస్-9. సొంతంగా తయారు చేస్తే 5, 8. వంటింట్లో కలిపి సీసాలకి పోసి అమ్మేద్దామన్న మా అసలు ప్లాన్ ఆ పూటతో చచ్చింది. అదే మంచిదైంది.

మూడో రోజు నుంచి మా సొంత సిలబస్. సిరిపురం, మద్దిలపాలెం వైపు పెద్ద షాపుల్లో సెంటు కౌంటర్లు ఒక్కోటి అరగంట చొప్పున చూశాం, కొనేవాళ్ళలాగే నిలబడి. ఒక కౌంటర్ అమ్మాయి పని చూసి తీరాలి. సన్నటి అట్ట ముక్క మీద కొట్టి, రెండుసార్లు గాల్లో ఆడించి, పెన్నుతో దాని అంచు మీద పేరు రాసి ఇస్తుంది. ఇవ్వడానికి ముందు ఒక్క ప్రశ్న: "ఆఫీసుకా మేడం, ఫంక్షన్‌కా?" రెండు మణికట్లు రుద్దుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. గిన్నెలో కాఫీ గింజలు ఉన్నాయి, ముక్కు అలసిపోతే వాసన చూడమని. మా పెద్దాయన మాత్రం అవన్నీ షోకు, మీ మోచేతి మడతే వాసన చూసుకోండి అన్నారు. రెండూ చేసి చూశాను, మోచేయే నయం.

ఖాళీగా ఉన్న టైము చూసి వదిన ఆ అమ్మాయిని మాటల్లో పెట్టింది. జీతం షాపు ఇవ్వదట, బ్రాండ్ ఇస్తుంది. టెస్టర్లూ బ్రాండే పంపుతుంది. ఆ నెల టార్గెట్ దాటితేనే ఇన్సెంటివ్. "ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు దాకా నిలబడ్డానికి టైముండదు మేడం. ఇరవై దాటితే ఇదిగో, ఇలా మీలాంటోళ్ళతో మాట్లాడతాను." మేం కొనేవాళ్ళం కాదని మొదటి నిమిషంలోనే పసిగట్టేసిందన్నమాట. సిగ్గుపడి ఒక చిన్న రోల్-ఆన్ కొన్నాం.

దీనికి పూర్తిగా ఎదురు, పాతూరు వైపు ఒక అత్తరు కొట్టు. అక్కడికి తీసుకెళ్ళిన ఆటో అతను, "ఏటి, సెంటు వాసన్లు చూడ్డానికి బెజవాడ నుంచి వచ్చీసారా?" అని దారంతా నవ్వాడు. కొట్టంటే నాలుగడుగుల గది. గాజు బిరడాల సీసాలు, ముసలాయన, ఒక ఫ్యాన్, అదీ ఆపేసి ఉంది, వాసన చెదిరిపోతుందని. వట్టివేరు అత్తరు గాజుపుల్లతో వదిన మణికట్టు మీద రాసి, ఆమె ముక్కు దగ్గరికి తీసుకుపోబోతే "ఇప్పుడు చూడకమ్మా. వెళ్ళి టీ తాగి రండి" అన్నాడు. తాగి వచ్చాక అది వేరే వాసన. పచ్చిదనం పోయి, తడిసిన వట్టివేరు తడక పక్కన కూర్చున్నట్టు ఉంది. వాన పడ్డ మట్టి వాసన అత్తరు కూడా ఉంది, కన్నౌజ్ సరుకు. మేం బయటికి వచ్చేసరికి మా ఇద్దరి చేతుల మీద కలిపి పదకొండు వాసనలు.

ఆయన దగ్గర ధర రెండు ముక్కలుగా చెప్తాడు. అత్తరు ధర తులాల్లెక్కన ఒకటి, సీసా ధర ఒకటి. మామూలు సీసాలో కావాలా, చెక్కిన గాజు సీసాలోనా? అత్తరు అదే. పెద్దాయన బోర్డు మీద రాసిన లెక్కనే ఈయన ఏ బోర్డూ లేకుండా బల్ల మీద పెట్టేశాడు. పెద్ద షాపులో ఆ రెండో ధర మనకి కనిపించదు, అంతే తేడా. మేం తీసుకున్నది మామూలు సీసానే, వదిన బేరం ఆడబోయి ఊరుకుంది.

నాలుగో రోజు సింహాచలం. సిటీ బస్సులో కొండ కిందికి, అక్కడి నుంచి ఇంకో బస్సులో పైకి. వారం మధ్యలో కాబట్టి దర్శనం గంటలో అయింది. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, వైశాఖ శుద్ధ తదియ నాడు ఒక్క రోజే నిజరూపం. తర్వాత నాలుగు విడతలుగా, విడతకి మూడు మణుగుల చొప్పున మళ్ళీ చందనం పూస్తారు. గంధం మెల్లగా ఆవిరయ్యే వాసన, అందుకే సెంట్లలో దాన్ని అడుగున వేస్తారు. కొండ మీద కొట్లలో అమ్మే గంధం పొడులు నాలుగు రకాలు చూశాం, తడిపి పుల్లతో రాసుకున్నాం. మెట్లు దిగి బస్సెక్కేలోపే మూడు మాయం. నాలుగోది రాత్రి అన్నం తినేదాకా ఉంది. దానికి మిగతావాటికి రెట్టింపు ధర ఎందుకో అమ్మినావిడ చెప్పలేదు, మేమూ అడగలేదు. సంపెంగల రోజులు కావు, అదొక్కటే లోటు.

సాయంత్రాలు ఆర్కే బీచ్. అట్ట ముక్కలు పట్టుకెళ్ళి అక్కడ పోల్చి చూద్దామనుకున్నాం, పిచ్చి ఆలోచన. సముద్రపు గాలికి ఏదీ నిలవలేదు. పైగా పక్కన ముంత మసాలా బండి, ఉల్లిపాయ, నిమ్మకాయ. ఓడిపోయి రెండు ముంతలు తిన్నాం, బాగుంది.

పార్లర్‌కి మాత్రం వదిన గిరిజన సహకార సంస్థ దుకాణంలో కుంకుడు పొడి, శీకాయ పొడి కొంది. ఈ సంస్థ 1956 నాటిది, హెడ్డాఫీసు వైజాగ్‌లోనే, మన్యంలో గిరిజనుల దగ్గర నేరుగా కొంటుంది. అరకు కాఫీ పొడి నా వంతు.

అయిదో రోజు గంజాం వైపు వెళ్దామా అనుకున్నాం. ఒడిశాలో ఆ జిల్లా మొగలిపువ్వు అత్తరుకి ప్రసిద్ధి, వైజాగ్ నుంచి బరంపురానికి రైలు ఉంది. కానీ మొగలి పూసేది వానల్లో. డబ్బు మిగిల్చుకుని ఆ రోజు కొరియర్ ఆఫీసులో ఖర్చు పెట్టాం. మాకు నచ్చిన స్ప్రే శాంపిల్స్ ఆరు ఇంటికి పంపుదామని వెళితే, కౌంటర్‌లో అతను డబ్బా తెరిచి, "ఆల్కహాల్ ఉందా? ఎయిర్‌లో పోదు" అని పక్కన పెట్టేశాడు. సెంట్లు ప్రమాదకర సరుకుల జాబితాలో ఉంటాయి, యూఎన్ 1266, మంటలంటుకునే ద్రవాల తరగతి. రోడ్డు మీదే పంపుతానన్నాడు, అయిదారు రోజులు. పక్క వీధిలో ఇంకొకతను "ఏం ఫర్వాలేదు, కాస్మెటిక్స్ అని రాసేద్దాం" అన్నాడు. మొదటతని దగ్గరికే తిరిగి వెళ్ళాం. ఆరో రోజున చేరింది, ఒక్కటీ కారలేదు. ఆన్‌లైన్‌లో అమ్మితే "రేపే డెలివరీ" అని మేం రాయలేమని మాత్రం తెలిసింది, మా పోస్టర్లో అప్పటికే రాసేసుకున్నాం.

వెళ్ళాలనుకునేవాళ్ళకి నా మాట: అమ్మకం చూడ్డానికి వైజాగ్ మంచి ఊరు. సెంటు తయారీ చూడాలంటే వేరే చోటు వెతుక్కోండి. కోర్సు వాళ్ళని ఫ్యాక్టరీ విజిట్ సంగతి రాతపూర్వకంగా అడగండి.

తిరుగు రత్నాచల్ తుని దాటుతుండగా వదిన తన క్రీముల డీలర్‌కి ఫోన్ చేసింది. పదేళ్ళుగా అతను పంపిందల్లా పంపినట్టు తీసుకున్న మనిషి.

"అన్నయ్యగారూ, ఈ నెల ఆర్డర్ ఉంది కానీ, టెస్టర్లు కంపెనీ మీకు ఊరికే ఇస్తుంది కదా, మరి మా దగ్గర డబ్బులెందుకు తీసుకుంటున్నారు?"

అటువైపు నుంచి జవాబు లేదు, చాలాసేపు మా రైలు చప్పుడే వినిపించింది.