పట్టీ చివర మిగిలే గోరంత తోలు: వాకింగ్ ఫుట్ మిషన్‌తో ఆరేళ్ళు

పాత మిషన్ మీద చెప్పు పట్టీ కుడితే చివర్లో ఎప్పుడూ గోరంత పైతోలు మిగిలేది. పైన తోలు, మధ్యలో ఫోమ్, కింద లైనింగు, మూడూ సమానంగా పెట్టి, సొల్యూషన్ రాసి అతికించి మరీ మొదలుపెట్టేవాణ్ణి. అయినా ఎనిమిది అంగుళాలు కుట్టేసరికి లైనింగు అయిపోయేది, పైతోలు నాలుగు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చేది. రంపెతో ఆ ముక్క కోసేసి, అంచు గీకి, ఏమీ ఎరగనట్టు పక్కన పెట్టేవాణ్ణి. కొనేవాళ్ళకు అది కనపడదు. కానీ పట్టీ లోపల మెలి ఉండిపోతుంది.

నల్లగొండలో గడియారం సెంటర్ దాటి దేవరకొండ రోడ్డు వైపు మాదొక చిన్న షాపు. సగం పని మామూలు చెప్పులు, బ్యాగుల రిపేర్లు. మిగతా సగం కొలత పని. మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి ఫ్లోరైడ్ నీళ్ళకు కాళ్ళు వంగిన పెద్దవాళ్ళు వస్తారు. వాళ్ళకు రెండు కాళ్ళూ ఒక్క సైజు ఉండవు, కాగితం మీద దేనికది గీసుకోవాలి. షుగర్‌తో అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు వేసిన చెప్పులు కుట్టించుకోవడానికి వస్తారు. ఆ చెప్పుల్లో మేకు కొట్టకూడదు. మేకు పైకి లేచి గుచ్చుకున్నా వాళ్ళకు తెలియదు కదా. అంతా సొల్యూషన్, కుట్టు మీదే నిలబడాలి.

అట్లా కుట్టించుకున్న ఒక పెద్దమ్మ కోడలు వారం తిరగకుండానే చెప్పు పట్టుకుని వచ్చింది. "ఎడమ కాలు మీద తోలు లేచిందన్నా. అత్తమ్మకు అసలు తెలియనే లేదు, కాళ్ళు కడుగుతుంటే నేను చూసిన" అన్నది. పట్టీ చేతిలోకి తీసుకుని చూస్తే లోపలి అంచు మెలిపడి నిలువుగా నిలబడి ఉంది. నేను కోసి దాచేసిన ఆ నాలుగు మిల్లీమీటర్లే. పుండు కాకముందే చూశారు కాబట్టి సరిపోయింది. 2019 దసరాకు ముందు అప్పుచేసి ఈ వాకింగ్ ఫుట్ మిషన్ కొన్నాను. మోటారు, బల్లతో కలిపి రూ. 46,000 అయింది. కంపెనీ పేరు చెప్పను. నేను రాసేది ఆ పద్ధతి గురించి. ఈ రకం మిషన్లు ఎవరు చేసినా లోపలి కథ దాదాపు ఒకటే.

పాత మిషన్ తప్పేమిటో ముందు చెప్పాలి. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు తీసుకున్న మిషన్‌లో బట్టను ఒక పట్టీకి ఉన్న ముళ్ళకు గుచ్చి నడిపేవారు. పట్టీ పొడవు అయిపోగానే ఆపి, బట్ట తీసి మళ్ళీ గుచ్చాలి. 1854లో అలెన్ విల్సన్ అనే ఆయన ఆ బాధ తప్పించాడు. కింద పళ్ళు పైకి లేస్తాయి, బట్టను ఒక కుట్టు దూరం జరుపుతాయి, దిగుతాయి, కిందినుంచే వెనక్కి వస్తాయి. మన ఇళ్ళలో టైలర్ మిషన్లు ఈనాటికీ ఆ పళ్ళతోనే నడుస్తున్నాయి. బట్టకు అది చాలు. తోలుకు చాలదు. పళ్ళు పట్టుకునేది కింది పొరను మాత్రమే. పై పొర మీద మిషన్ పాదం, అంటే సూది దగ్గర అదిమి పట్టే ఇనప ముక్క, కూర్చుని నొక్కుతూ ఉంటుంది, అంటే అది సాయం చేయకపోగా బ్రేకు వేస్తుంది. మధ్యలో ఫోమ్ ఉంటే పై పొర ఇంకా హాయిగా వెనకబడిపోతుంది.

కొత్త మిషన్‌లో ఒక పాదానికి బదులు రెండు. లోపలి చిన్న పాదానికి ఉన్న రంధ్రంలోంచి సూది దిగుతుంది. దిగిన సూది, దాన్ని అంటుకుని ఉన్న లోపలి పాదం, కింద పళ్ళు, మూడూ కలిసి తోలును ఒక కుట్టు దూరం తీసుకుపోతాయి. అంతసేపూ బయటి పాదం గాలిలో ఉంటుంది. తర్వాత బయటి పాదం దిగి తోలును అదిమి పడుతుంది, లోపలిది సూదితో పాటు లేచి మళ్ళీ ముందుకు వస్తుంది. చక్రం చేత్తో మెల్లగా తిప్పుతూ చూస్తే బురదలో నడిచే మనిషే గుర్తొస్తాడు, ఒక కాలు ఊనుకున్నాకే ఇంకో కాలు తీస్తాడు. సూది మూడు పొరల్లోనూ దిగి ఉండగానే జరుగుతుంది కాబట్టి పై పొర వెనకబడటానికి దారే లేదు.

షాపులో అందరూ దీన్ని వాకింగ్ ఫుట్ అంటారు. ఇక్కడ జాగ్రత్త. పాదం ఒక్కటే నడిచి, సూది ఉన్నచోటే కిందికీ పైకీ ఆడే మిషన్లను కూడా అదే పేరుతో అమ్ముతారు. సూది కూడా నడిచేదాన్ని కాంపౌండ్ ఫీడ్ అంటారు. నాది ఇదే.

మొదటి రోజు కుట్టిన పట్టీ చివర పైతోలు, లైనింగు ఒకేచోట ఆగాయి. అది చూసి నవ్వొచ్చింది. పదిహేనేళ్ళుగా ఆ తప్పు నా చేతిదే అనుకున్నాను.

కానీ మొదటి మూడు నెలలు విరిగిన సూదులు ఒక డబ్బా నిండాయి. తప్పు మిషన్‌ది కాదు. పాత మిషన్ మీద ఎడమచేత్తో వెనకనుంచి తోలును గుంజడం అలవాటు. గుంజకపోతే అది నడిచేది కాదు. ఇక్కడ సూది తోలులో ఉండగానే ప్రయాణం చేస్తుంది. ఆ సమయంలో మనం గుంజితే సూది వంగుతుంది, వంగిన సూది కిందికి పోయి, అడుగున దారాన్ని అందుకునే హుక్‌కు తగులుతుంది, టక్‌మని విరుగుతుంది. చేతులు తోలు మీద ఊరికే ఆనించి దారి మాత్రమే చూపాలి. చెప్పడానికి ఒక్క మాట, చేతికి నేర్పడానికి మూడు నెలలు పట్టింది. చివరికి ఎడమచేతిలో చాక్‌పీసు పట్టుకుని కుట్టడం మొదలుపెట్టాను, గుంజాలనిపించినా గుంజలేకుండా.

రెండో బాధ మచ్చలు. బయటి పాదం అడుగున గరుకు పళ్ళు ఉంటాయి. బర్రెతోలు మీద అవి కనపడవు. మెత్తటి మేకతోలు మీద, లేత రంగు తోలు మీద కుట్టుకు రెండు వైపులా గీతలు పడేవి, ఎలుక కొరికినట్టు. పాదం ఒత్తిడి తగ్గిస్తే కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. చివరికి ఇంకో జత పాదాలు కొని, వాటి పళ్ళను ఆకురాయితో అరగదీసి, సన్నటి ఎమరీ కాగితంతో నున్నగా రుద్దాను. ఇప్పుడు గరుకు జత బ్యాగులకు, నున్నటి జత చెప్పులకు. మార్చడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. అసలు మిషన్‌తో పాటే నున్నటి జత ఒకటి ఇవ్వొచ్చు, ఎందుకివ్వరో అర్థం కాదు.

సూది విషయంలో మా దగ్గర చాలామంది పొదుపు చేస్తారు, ఏది దొరికితే అది పెట్టేస్తారు. తోలుకు కత్తిమొన సూదే కావాలి. గుండ్రటి మొన సూది తోలును తోసుకుంటూ పోతుంది, కత్తిమొన కోసుకుంటూ దిగుతుంది. పట్టీలకు నేను 18 నంబరు వాడతాను. బ్యాగు చేతులకు, బెల్టులకు 21. దారం మెలి వదలని నైలాన్‌ది. కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లకు తగ్గనివ్వను. కుట్టు సన్నగా ఉంటే అందంగా ఉంటుందని కొందరు అడిగి మరీ దగ్గర దగ్గరగా వేయించుకుంటారు. తోలులో రంధ్రాలు దగ్గరైతే తపాలా బిళ్ళ అంచులాగా ఆ గీత మీదే చినుగుతుందని చెప్పినా వినరు.

ఇంకో చిన్న సంగతి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు పై దారం, కింది దారం కొసలు రెండూ వేళ్ళతో పట్టుకోవాలి. వదిలేస్తే అడుగున పిచ్చుక గూడు తయారవుతుంది. పొద్దున మిషన్ తెరవగానే ఒక పనికిరాని ముక్క మీద రెండు గీతలు కుట్టాకే అసలు తోలు పెట్టాలి. రాత్రంతా దిగిన నూనె చుక్క మొదటి కుట్లలోనే పడుతుంది.

మూడో ఏట పెద్ద గండం వచ్చింది. స్కూలు బ్యాగు రిపేరు చేస్తుంటే నాలుగు మడతల దగ్గర సూది ఇరుక్కుంది. బలవంతంగా పెడల్ తొక్కాను. లోపల ఏదో టక్‌మంది. ఆ తర్వాత మోటారు తిరుగుతుంది, సూది ఆడుతుంది, పాదాలు నడుస్తాయి, కుట్టు మాత్రం పడదు. అసలే జూన్ నెల, బడులు తెరిచే రోజులు, గోడకు బ్యాగులు వరసగా వేలాడుతున్నాయి. ఒక మెకానిక్ వచ్చి చూసి హుక్ సెట్టు పోయింది, మొత్తం మార్చాలి, ఐదు వేలవుతుందన్నాడు. డబ్బు కోసం రెండు రోజులు ఆగడమే మంచిదైంది. మిర్యాలగూడలో ఎప్పటినుంచో ఈ పని చేసే ఒక పెద్దాయనకు ఫోన్ చేస్తే, బస్సెక్కి వచ్చి, కూర్చోకుండానే చూశాడు. "మిషన్ సచ్చిపోలే తమ్మీ, పండుకున్నది" అన్నాడు. బల్ల మీద సూది పక్కన ఉన్న చిన్న బొత్తాం నా బొటనవేలితో నొక్కించి, చక్రం గట్టిగా తిప్పించాడు. మళ్ళీ టక్‌మంది. కుట్టు పడింది.

అది సేఫ్టీ క్లచ్. హుక్ దెబ్బ తినకుండా, బలం ఎక్కువైనప్పుడు తనంతట తానే విడిపోతుంది. పాడవలేదు, పాడవకుండా ఆగింది. ఆ బొత్తాం మూడేళ్ళు నా కళ్ళముందే ఉంది, నూనె పోసే రంధ్రం మూత అనుకున్నాను. పెద్దాయన చార్జీలు తప్ప ఏమీ తీసుకోలేదు, కొడుక్కు చెప్పులు కుట్టిమ్మన్నాడు. కొనేవాళ్ళకు నా మాట: మీ మిషన్‌కు ఆ క్లచ్ ఉందా, ఉంటే ఎట్లా కలపాలి అన్నది అమ్మేవాడితో మీ ఎదుటే చేయించి చూడండి.

మోటారు గురించి కొంచెం. మొదట క్లచ్ మోటారే వచ్చింది. కుట్టినా కుట్టకపోయినా అది నిమిషానికి 2,800 చుట్లకు పైగా తిరుగుతూ గుయ్యిమంటూనే ఉంటుంది. పెడల్ మీద కాలు కాస్త బరువైతే పట్టీ చేతిలోంచి ఎగిరిపోతుంది. ఏడాది తర్వాత సర్వో మోటారు పెట్టించాను. తొక్కితేనే తిరుగుతుంది, ఒక్కొక్క కుట్టు కావాలన్నా వేస్తుంది. షాపులో మాటలు వినిపించడం మొదలైంది, రేడియో కూడా. కానీ మరీ మెల్లగా పెట్టుకుంటే దానికి బలం చాలదు, మందం దగ్గర సూది సగంలో ఆగిపోతుంది. మధ్యలో వేగం తగ్గించే పుల్లీ వేయించాక ఆ బాధ తీరింది. ఎండాకాలం గాలివాన రోజు కరెంటు వచ్చీపోయీ దాని బోర్డు ఒకసారి కాలింది. అప్పటినుంచి మబ్బు పడితే ప్లగ్ పీకేస్తాను.

ఈ మిషన్‌తో కాని పనులు కూడా ఉన్నాయి. ఇది బల్లపరుపు మిషన్. పరిచి కుట్టగలిగింది ఏదైనా కుడుతుంది. బూటు పైభాగం మడమ దగ్గర కలిపాక గిన్నెలా గుండ్రంగా అవుతుంది, అది దీనికింద పట్టదు. దానికి స్తంభం మీద కుట్టే మిషన్ కావాలి, పాదం బదులు చిన్న చక్రం ఉండేది. మలుపు ఎక్కువగా ఉన్న డిజైన్ల మీద చక్రమే మేలు. నా రెండు పాదాల మిషన్ గట్టి మలుపుల దగ్గర మూడు కుట్లకొకసారి ఆగి, సూది దించి, మోకాలితో పాదం లేపి తిప్పమంటుంది. పనయితే అవుతుంది, ఓపిక ఉండాలి. అడుగు అట్టకు బూటు కుట్టడం ఇంకో లోకం. అందుకు లైమన్ బ్లేక్ 1858లోనే వేరే మిషన్‌కు పేటెంటు తీసుకున్నాడు, అది బూటు లోపలికి కొమ్ము దూర్చి కుడుతుంది.

రిపేరు కోసమైతే నేను ఇప్పటికీ మూలన ఉన్న పాత చేతి మిషన్ దగ్గరికే పోతాను. దాని పాదం చుట్టూ ఎటైనా తిరుగుతుంది, చెప్పును తిప్పక్కర్లేదు, పాదాన్నే తిప్పుకోవాలి. బస్టాండు దగ్గర చిన్న బంకులో రిపేర్లు మాత్రమే చేసేవాళ్ళు ఎవరైనా ఈ రకం మిషన్ కొంటానంటే వద్దంటాను. వాళ్ళకు ఆ చేతి మిషన్ చాలు, కరెంటు కూడా అక్కర్లేదు.

మా నాయన ఈ మిషన్‌ను చూసి మెచ్చుకున్నది ఒక్కసారే. ఆయన తంగేడు చెక్కతో తోలు ఊనిన (పదును చేసిన) రోజుల మనిషి, కిర్రు చెప్పులు కుట్టినవాడు. ఆరెతో రంధ్రం పొడిచి, రెండు కొసల నుంచి రెండు సూదులు దూర్చి గుంజే కుట్టు ఆయనది. ఆ కుట్టులో పై పొర, కింది పొర అన్న తేడా లేదు, రెండింటినీ ఒకేసారి పొడిచి ఒకేసారి బిగిస్తారు. మిషన్ చక్రం నెమ్మదిగా తిప్పి చూపిస్తే, సూది తోలులో ఉండగానే కదలడం చూసి "ఇదిప్పుడు మన ఆరె పని నేర్చుకున్నది" అన్నాడు. బొటనవేలు దూరే ఉంగటం మాత్రం ఇప్పటికీ ఆయనే చేత్తో కుడతాడు. అక్కడికి ఏ పాదమూ దూరదు.

ఆరేళ్ళలో మార్చిన సామాన్లు: బాబిన్ కేసు ఒకటి, బెల్టు రెండుసార్లు, లోపలి పాదం ఒకటి, మోటారు బోర్డు. హుక్ అదే ఉంది. బాబిన్ టైలర్ మిషన్ దానికంటే పెద్దది కావడంతో నడిమధ్యలో దారం అయిపోవడం తగ్గింది. ఆ పెద్దమ్మ చెప్పు తర్వాత, పట్టీ మెలిపడిందని ఇంకో చెప్పు తిరిగి రాలేదు.

కొనడానికి పోయేటప్పుడు మీ తోలు, మీ ఫోమ్, మీ లైనింగు మీరే పట్టుకుపోండి. షాపులో గట్టి రెగ్జిన్ మీద కుట్టి చూపిస్తారు, దాని మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. అడుగు పొడవు పట్టీలు కోసి, పైదాని మీదా కిందిదాని మీదా అంగుళానికొకటి చాక్‌పీసుతో గీతలు పెట్టండి. సొల్యూషన్ రాయకుండా, చేత్తో గుంజకుండా కుట్టించండి. చివరి గీత దగ్గర పట్టీ అంచు పక్కకు తిప్పి చూడండి. పై గీత, కింది గీత ఎదురెదురుగా ఉంటే అప్పుడు ధర అడగండి.