ఫ్రెంచ్ పండగలు నేర్చుకోవాలంటే పోస్ట్‌మ్యాన్ క్యాలెండర్ కొనండి

ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లకు పండగల గురించి చెప్పే యాప్‌లకు, బొమ్మల కార్డులకు, వీడియో పాఠాలకు కొదవ లేదు. చాలావాటిలో జూలై 14 బాణసంచా, క్రిస్మస్ కేకు, మధ్యలో ఈస్టర్ చాక్లెట్ గుడ్లు, అంతే సరుకు. వాటన్నిటికన్నా ఎక్కువ నేర్పే వస్తువు ఒకటుంది. అదసలు నేర్చుకునేవాళ్ల కోసం తయారైంది కాదు. ఏడాది చివర ఫ్రాన్స్‌లో పోస్ట్‌మ్యాన్ ఇంటింటికీ తెచ్చే అట్ట క్యాలెండర్, ‘అల్మనా ద్యు ఫాక్తర్’. ఏ2 స్థాయి (యూరప్ భాషా ప్రమాణాల్లో రెండో మెట్టు, ఏ1 మొదటిది) దాటినవాళ్లెవరికైనా నిక్షేపంగా పనికొస్తుంది. ఏ1 వాళ్లు మాత్రం పక్కన చెప్పేవాళ్లు లేకుండా దీన్ని పట్టుకుంటే తికమకపడతారు.

చూడ్డానికి ఇంచుమించు ఏ4 కాగితమంత గట్టి అట్ట. మీద పిల్లిపిల్లలో, కుక్కపిల్లలో, సముద్రపు ఒడ్డో ఉంటాయి. ఈ బొమ్మల మీద ఫ్రెంచ్‌వాళ్లే జోకులేసుకుంటారు. అట్టకు ఒకవైపు జనవరి నుంచి జూన్ దాకా, ఇంకోవైపు జూలై నుంచి డిసెంబర్ దాకా నెలలు నిలువు వరసల్లో ఉంటాయి. మధ్యలో కొన్ని కాగితాలు కుట్టి ఉంటాయి. వాటిలో ఆ జిల్లా మ్యాపు, ఊళ్ల జాబితా, బడి సెలవుల పట్టిక, పేర్ల పండగల అకారాది సూచిక వంటివి దొరుకుతాయి. అచ్చువేసే సంస్థలు ఒకటికన్నా ఎక్కువ కాబట్టి లోపలి పేజీలు ప్రతినిబట్టి మారతాయి. జిల్లాకో ప్రతి వేస్తారు. ఎవరిచేతనైనా తెప్పించుకుంటుంటే మీకు ఆసక్తి ఉన్న జిల్లాలో ఉండేవాళ్లనే అడగండి.

దీనికి ధర లేదు. అక్టోబర్ చివర్లోనో నవంబర్‌లోనో పోస్ట్‌మ్యాన్ తలుపు తట్టి నాలుగైదు రకాలు పరిచి చూపిస్తాడు. నచ్చింది తీసుకుని తోచినంత ఇస్తారు, 5 నుంచి 10 యూరోలు ఇచ్చేవాళ్లు ఎక్కువ. ఏడాది చివర ఇచ్చే ఈ మామూలును ‘ఎత్రెన్’ అంటారు. క్యాలెండర్లను పోస్ట్‌మ్యాన్ తన డబ్బుతోనే కొనుక్కుంటాడు, మీరిచ్చింది అతనికే మిగులుతుంది. ఎంత అని అడిగితే ‘కొమ్ వు వులే’ (మీ ఇష్టం) అంటాడు, బేరానికి తావు లేదు. అగ్నిమాపక సిబ్బంది కూడా తమ క్యాలెండర్‌తో ఇదే కాలంలో వస్తారు. వాళ్ల పేరు చెప్పుకుని తిరిగే మోసగాళ్లూ ఉంటారు. కాబట్టి మొహం తెలియనివాళ్లైతే ఉద్యోగ గుర్తింపు కార్డు అడగడంలో తప్పులేదు. వీడ్కోలు చెప్పేటప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచూ తడబడతారు. డిసెంబర్ 31 దాకా ‘బోన్ ఫెత్ ద ఫాఁ దానే’ (ఏడాది చివరి పండగల శుభాకాంక్షలు) అనాలి. ‘బొనానే’, ‘మెయ్యర్ వ’ అనే కొత్త సంవత్సర శుభాకాంక్షలు జనవరి 1 వచ్చాక మొదలుపెట్టి నెలాఖరు దాకా చెప్పవచ్చు.

ఇక వరసలు చదవడం. ఒక్కో తేదీ పక్కన వారం పేరులోని మొదటి అక్షరం, దాని పక్కన ఆ రోజు పండగ ఏ సెయింటుదో ఆ పేరు ఉంటాయి. వారం సోమవారంతో మొదలవుతుంది. ‘ఎం’ అక్షరం పక్కపక్కనే రెండుసార్లు వస్తుంది, మొదటిది మార్దీ (మంగళవారం), రెండోది మెర్‌క్రెదీ (బుధవారం). పక్కనే చిన్న అంకెలుంటే అవి వారాల సంఖ్యలు. ఆఫీసుల్లో ‘సెమెన్ దూజ్’ (పన్నెండో వారం) అంటూ వాటితోనే సమావేశాలు పెట్టుకుంటారు కాబట్టి అలంకారమని కొట్టిపారేయకండి. చంద్రుడి గుర్తులు, సూర్యోదయ సూర్యాస్తమయాలు కూడా ఉంటాయి. ఒక మూల ‘కోంప్యు’ అనే చిన్న గడి కనిపిస్తుంది. 2026కు అందులో బంగారు సంఖ్య 13, ఆదివారపు అక్షరం ‘డి’. ఈస్టర్ తేదీని చర్చి లెక్కగట్టే పద్ధతి తాలూకు అవశేషమిది. మన పంచాంగం మొదటి పేజీల్లాగే అందరిళ్లలోనూ ఉంటుంది, చదివేవాళ్లు అరుదు.

ఈ వస్తువు అసలు విలువ ఈస్టర్ దగ్గర తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో జాతీయ సెలవులు, అంటే జూర్ ఫెరియే, మొత్తం 11. అందులో మూడు ఈస్టర్‌ను బట్టి కదులుతాయి. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5. మర్నాడు సోమవారం సెలవు. ఈస్టర్‌కు 39 రోజులు కలిపితే అసాఁసియోఁ (యేసు స్వర్గారోహణ పండగ), అంటే మే 14. 50 కలిపితే పాఁతకోత్ (పెంతెకొస్తు) సోమవారం, మే 25. వెనక్కి 47 లెక్కపెడితే మార్దీ గ్రా (ఈస్టర్ ముందు ఉపవాస దినాలు మొదలయ్యే ముందురోజు), ఫిబ్రవరి 17, దానికి సెలవు లేదు. పాఠ్యపుస్తకంలో ఇవి జాబితాలా ఉంటాయి, ఆరు నెలలూ ఒకే చూపులో కనిపించే అట్ట మీద వేలుపెట్టి లెక్కపెడితే మాత్రం మరిచిపోరు. విద్యార్థులకు ఇవ్వదగిన మంచి అభ్యాసం ఇదే: 2027 ఈస్టర్ మార్చి 28 అని చెప్పి, మిగతావి కట్టమనండి. అసాఁసియోఁ మే 6, పాఁతకోత్ సోమవారం మే 17 రావాలి. ఎక్కువమంది ఈస్టర్ ఆదివారాన్ని కూడా ఒకటిగా లెక్కపెట్టి ఒకరోజు ముందే ఆగిపోతారు. వచ్చింది గురువారం కాకపోతే లెక్క తప్పినట్టే, ఎందుకంటే అసాఁసియోఁ ఎప్పుడూ గురువారమే.

గురువారం సెలవు, శనివారం సెలవు, మధ్యలో శుక్రవారం మిగిలింది. ఆ శుక్రవారాన్ని కూడా సెలవు పెట్టుకోవడమే ‘పోఁ’ (వంతెన). క్యాలెండర్‌లో ఈ మాట అచ్చవదు. కానీ కొత్త క్యాలెండర్ చేతికి రాగానే ఫ్రెంచ్ ఉద్యోగి మొదట వెతికేది దీన్నే. 2026లో మే 15 ఒకటి, జూలై 14 మంగళవారం పడింది కాబట్టి 13వ తేదీ సోమవారం ఇంకొకటి. ఆగస్టు 15 శనివారం, నవంబర్ 1 ఆదివారం పడ్డాయి. వారాంతంలో పడిన సెలవుకు బదులుగా సోమవారం ఇవ్వడమనేది అక్కడ లేదు. సంభాషణ సాధనకు ఇంతకన్నా సహజమైన విషయం దొరకదు, ‘తు ఫే ల పోఁ?’ (నువ్వు పోఁ తీసుకుంటున్నావా?) అన్న ప్రశ్నతో మే నెలంతా గడిచిపోతుంది. 11 సెలవుల్లో చట్టం అందరికీ తప్పనిసరి చేసింది మే 1 ఒక్కటే. పాఁతకోత్ సోమవారం సంగతి మరీ విచిత్రం. 2003 వేసవిలో వడగాలులకు వేలాదిమంది వృద్ధులు చనిపోయాక, 2004లో వృద్ధుల, వికలాంగుల సంరక్షణకు నిధుల కోసం ‘సంఘీభావ దినం’ పెట్టి ఆ రోజు అదనపు జీతం లేకుండా పనిచేయమన్నారు. 2008 నుంచి ఏ రోజన్నది ఒక్కో సంస్థ తేల్చుకుంటుంది. అందుకే క్యాలెండర్‌లో సెలవు రంగున్నా కొందరు ఆఫీసుకు వెళ్తుంటారు.

తేదీల పక్కనుండే పేర్ల వరసను నేర్చుకునేవాళ్లు సాధారణంగా పట్టించుకోరు, సగం సంస్కృతి అక్కడే ఉంది. జనవరి 3 జెనెవియెవ్, మార్చి 19 జోసెఫ్, నవంబర్ 25 కాత్రీన్. మీ సహోద్యోగి పేరు కాత్రీన్ అయితే ఆ రోజు ‘బోన్ ఫెత్’ అంటారు. పుట్టినరోజుకు చెప్పేది ‘బొనానివెర్సేర్’, రెండూ కలిపేస్తే ఎదుటివాళ్లు నవ్వుతారు. టీవీలో వాతావరణం చెప్పేవాళ్లు రేపు ఎవరి పండగో చెప్పి ముగించడం పాత అలవాటు. ఈ వరసకు ఒకప్పుడు చట్టబలం కూడా ఉండేది. 1803 చట్టం ప్రకారం పిల్లలకు క్యాలెండర్లలోని పేర్లో, ప్రాచీన చరిత్రలోని వ్యక్తుల పేర్లో పెట్టాలి. కాలక్రమంలో సడలినా, తల్లిదండ్రులకు పూర్తి స్వేచ్ఛ వచ్చింది 1993 చట్టంతోనే. 1905లో చర్చిని, ప్రభుత్వాన్ని వేరుచేసిన దేశంలో ప్రతి వంటింటి గోడ మీదా సెయింట్ల జాబితా వేలాడుతుండటం గురించి క్లాసులో ఒక గంట చర్చ పెట్టవచ్చు.

ఇక్కడే లోపాలు మొదలవుతాయి. ఈ వస్తువు పేరు చెబుతుంది, కారణం చెప్పదు. ఫిబ్రవరి 2న ఇంటింటా క్రేప్‌లు (పల్చటి అట్లు) వేసే షాఁదలర్ కోసం వెతికితే చాలా ప్రతుల్లో ఆ మాటే కనిపించదు, ‘ప్రెజాఁతసియోఁ’ అని ఉంటుంది. అది బాలయేసును గుడికి తీసుకెళ్లిన రోజుకు చర్చి పెట్టిన పేరు. ఎపిఫనీ (ముగ్గురు జ్ఞానులు బాలయేసును దర్శించిన పండగ) జనవరి 6 అని పాఠాల్లో చదివినవాళ్లకు అది ఆదివారం పక్కన, 2026లో 4వ తేదీ దగ్గర, కనబడితే అచ్చుతప్పు అనిపిస్తుంది. తప్పు కాదు, ఫ్రాన్స్‌లో చర్చి ఆ పండగను జనవరి 2కూ 8కీ మధ్య వచ్చే ఆదివారానికి మార్చింది. బేకరీల్లో ఆ పండగకు తినే గలెత్ కేకు మాత్రం నెలంతా అమ్ముతారు. ఏప్రిల్ 1న వీపులకు కాగితం చేపలు అంటించే ఆటకు క్యాలెండర్‌లో చోటే లేదు.

అన్నిటికన్నా చిక్కు తెచ్చేవి ‘మంచు సెయింట్లు’. మే 11, 12, 13 దాటితేగాని టమాటా నారు బయట నాటొద్దని తోటమాలులు ఇప్పటికీ అంటారు. ఆ ముగ్గురూ మామెర్, పాఁక్రాస్, సెర్వే. క్యాలెండర్ తీస్తే ఆ తేదీల్లో ఎస్తెల్, అషిల్, రోలాఁద్ ఉంటారు. చర్చి జాబితా సవరించాక పాత పేర్లు అచ్చులోంచి పోయాయి, సామెతల్లో మిగిలాయి. జూన్ 8 మెదార్ మాత్రం పదిలంగా ఉన్నాడు, ఆ రోజు వానపడితే నలభై రోజులు పడుతుందని నమ్మకం. ‘ఆ లా సాఁ మెదార్’ (మెదార్ పండగ నాడు) అంటారు, మగ సెయింటైనా స్త్రీలింగపు ‘లా’ వస్తుంది, ఎందుకంటే అక్కడ దాగి ఉన్న మాట ‘ఫెత్’ (పండగ), అది స్త్రీలింగం. ఈ ఒక్కటి పట్టుబడితే సాఁ జాఁ, సాఁ సిల్వెస్త్ర్ అన్నిటికీ సరిపోతుంది. డిసెంబర్ 4న అగ్నిమాపక సిబ్బంది జరుపుకునే సాఁత్ బార్బ్ కోసం చూస్తే ‘బార్బరా’ అని ఉంటుంది, కంగారుపడకండి.

నవంబర్ 1 తూసాఁ (సెయింట్లందరి పండగ), 2న ‘దెఫాఁ’ అని ఉంటుంది. చనిపోయినవాళ్ల రోజు రెండో తేదీ అయినా జనం సమాధుల దగ్గరికి వెళ్లేది ఒకటినే, సెలవు ఆ రోజే కాబట్టి. సమాధుల మీద పెట్టేది చామంతులు. ఎవరింటికైనా భోజనానికి వెళ్తూ చామంతులు పట్టుకెళ్లకూడదన్న సంగతి ఏ అట్ట మీదా ఉండదు.

బడి సెలవుల పట్టికను ఒకసారి చూస్తే చాలు. తూసాఁ, క్రిస్మస్, వేసవి సెలవులు అందరికీ ఒకేసారి. శీతాకాలపు, వసంతకాలపు రెండేసి వారాలను మాత్రం ఏ, బి, సి జోన్లుగా విడగొట్టి ఇస్తారు, మంచుకొండల హోటళ్లు, రైళ్లు ఒకేసారి కిటకిటలాడకుండా. పారిస్, తులూజ్ సి జోన్, లియోఁ, బోర్దో ఏ, మార్సెయ్, లిల్ బి.

అచ్చు చాలా సన్నం, నలభై దాటినవాళ్లకు కళ్లద్దాలు తప్పవు. పేర్లు సంక్షిప్తంగా ఉంటాయి, ఉచ్చారణ తెలుసుకునే దారి లేదు. కాబట్టి నేర్చుకునేవాళ్లు రెండు రంగుల పెన్నులు దగ్గర పెట్టుకోవాలి. 11 సెలవులకు ఒక రంగు, అచ్చులో లేని ఆచారాలకు ఇంకొకటి: ఫిబ్రవరి 2న క్రేప్, మే 1న మ్యుగే పూలు, జూన్ 21న 1982 నుంచి వీధుల్లో జరుగుతున్న సంగీత పండగ, నవంబర్ మూడో గురువారం బోజొలే కొత్త వైన్. అన్నీ జనవరిలోనే రాసేయకుండా నెల ముందు మాత్రమే నింపుకోండి, లేకపోతే అట్ట నిండిపోయి ఏదీ కనిపించదు.

అల్సాస్ లేదా మొజెల్ జిల్లా ప్రతి దొరికితే వదలకండి. 1871 నుంచి 1918 దాకా జర్మనీ చేతిలో ఉన్న ఆ ప్రాంతంలో స్థానిక చట్టం ప్రకారం డిసెంబర్ 26 కూడా సెలవే, ప్రొటెస్టెంట్ చర్చి ఉన్న ఊళ్లలో గుడ్ ఫ్రైడే కూడా. పోస్ట్‌మ్యాన్ అందుబాటులో లేనివాళ్లకు ఫ్రాన్స్ స్టేషనరీ దుకాణాల్లో ‘కలాఁద్రియే బాఁకేర్’ అనే ఒంటి అట్ట దొరుకుతుంది. వరసలు, సెయింట్లు, జోన్లు దాదాపు అవే, మధ్య పేజీలు మాత్రం ఉండవు. పేర్ల సూచిక కావాలంటే పోస్ట్‌మ్యాన్ తెచ్చేదే తీసుకోవాలి.