సున్నా దగ్గర మొండికేసే మిల్లీగ్రాము కాటా

సత్యనారాయణపురంలోని మా చిన్న ఆయుర్వేద వైద్యశాలలో ఈ జేబు కాటా వాడకంలోకి వచ్చి ఇది రెండో వేసవి. కొన్న కొత్తలో అడిగినవారికల్లా మెచ్చుకుంటూ చెప్పాను. చెప్పినదాంట్లో ఇప్పటికీ చాలావరకు నిజమే. మూలికల వేరు ముక్కలు, మాత్రలు ఎప్పుడు తూచినా తేడా రాదు. పొడి దగ్గరే నాకు దీని మీద ఒళ్లు మండుతుంది.

శంఖాన్ని కాల్చి చేసే మందు పొడి, శంఖ భస్మం, పొట్లానికి రెండు గురివిందల ఎత్తు, అంటే 250 మిల్లీగ్రాములు కావాలి. పళ్లెంలో కాగితం వేసి, సున్నా చేసి, చెంచా కాడను చూపుడు వేలితో తడుతూ కొంచెం కొంచెంగా రాలుస్తాం. కాగితం మీద పొడి తెల్లగా పేరుకుంటూనే ఉంటుంది, తెర మీద గ్రాముల్లో చూపే 0.000 మాత్రం కదలదు. ఇంకాస్త రాల్చాక అంకెలు ఒక్కసారిగా లేస్తాయి. అనుమానం వచ్చి, 0.250 చూపిన పొడిని సీసాలోకి వంపి, ఖాళీ కాగితాన్నే తిరిగి పెట్టాను. సున్నా రావలసిన చోట మైనస్ 0.021 వచ్చింది. అంటే లెక్కలోకి రాని ఆ 21తో కలిపి పొట్లంలోకి 271 మిల్లీగ్రాములు వెళ్తున్నాయి. నూటికి ఎనిమిది పాళ్లకు పైగా ఎక్కువ!

కాటా చెడిపోలేదు. వేడికి లోపలి లోడ్ సెల్ (బరువును పసిగట్టే భాగం) చూపే అంకె నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి, సున్నా దగ్గర కనిపించే చిన్న మార్పులను తనంతట తానే చెరిపేసేలా దీన్ని తయారుచేశారు. మెల్లగా రాలే భస్మం కూడా దానికి ఆ జరుగుడులాగే కనిపిస్తుంది. మందు తూచే మనిషికి ఇంతకంటే ముఖ్యమైన విషయం ఏముంటుంది? కాటాతో వచ్చిన వాడకం కాగితంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. నా కోపమంతా అక్కడే.

ఇప్పుడు పళ్లెంలో కాగితంతో పాటు 10 గ్రాముల తూనిక గుండు కూడా పెడతాను. సున్నా చేయను. 10.312 చూపితే 10.562 వచ్చేదాకా రాలుస్తాను. సున్నాకు అంత దూరంలో నా కాటా మార్పులను అలా చెరిపేయదు, ప్రతి చిటికెడూ లెక్కలోకి వస్తుంది. తొందరలో ఉంటే ముప్పాతిక వంతు పొడి ఒకేసారి వేసి, మిగిలింది తట్టుతాను. మే నెల ఎండల్లో ఆన్ చేశాక పావుగంట ఆగడం, ఫ్యాను ఆపడం ఎలాగూ తప్పవు.

నాది రోజుకు కొద్ది పొట్లాల పని కాబట్టి ఇంత ఓపిక పట్టగలుగుతున్నాను. వందల పొట్లాలు కట్టేవారు డబ్బు ఎక్కువైనా, సున్నా దగ్గర మార్పులను చెరిపేసే ఈ సదుపాయాన్ని ఆపివేయగలిగే ప్రయోగశాల త్రాసు చూసుకోవడం మేలు. తూనికలు కొలతల శాఖ ముద్ర లేదు కనుక బంగారం అమ్మకాలకు దీన్ని పెట్టకూడదు. నేను కూడా స్వర్ణ భస్మం దీని మీద తూచను. దాని మోతాదే పదుల మిల్లీగ్రాములు. అది మిత్రుడి ప్రయోగశాలలో తూచి తెచ్చుకుంటున్నాను.