బార్సిలోనాలో బస: అద్దె ఫ్లాటా, హోటలా?

బార్సిలోనాలో మేము మొదట సముద్రతీరాన ఉన్న బార్సెలొనెటా పేటలో ఒక అద్దె ఫ్లాటులోనూ, తరువాత నగరం నడుమనున్న ఎయిషాంప్లె అనే ప్రాంతంలోని ఒక చిన్న హోటల్లోనూ బస చేశాం. సౌకర్యం మాటకొస్తే ఫ్లాటుదే పైచేయి. సాంతా కాతెరీనా మార్కెట్లో కూరగాయలు కొని పిల్లలకు వేళకు పప్పూ అన్నం వండిపెట్టుకోగలిగాం. అయితే పూర్వం జాలరులు, రేవు కూలీలు ఉండిన ఆ ఇళ్లు బాగా ఇరుకు. లిఫ్టు లేని నిటారు మెట్లతో మా అత్తగారు చాలా ఇబ్బంది పడ్డారు. పైగా మొదట కనిపించిన ధరకు శుభ్రపరిచే రుసుము, సేవా రుసుము, పర్యాటక పన్ను కలిశాక హోటల్‌కూ దానికీ మిగిలిన తేడా స్వల్పమే.

ఆ పేట చూస్తే నాకు మనసు కలుక్కుమంది. నెలవారీ అద్దెకు ఉండే కుటుంబం కంటే వారం వారం మారే యాత్రికులు ఎక్కువ రాబడి ఇస్తున్నప్పుడు ఇంటి యజమాని ఎటు మొగ్గుతాడో ఊహించడం కష్టం కాదు. ఒప్పందం ముగియగానే పాత కుటుంబం శివార్లకు పోతుంది, పచారీ కొట్టు ఉన్నచోట జ్ఞాపికల దుకాణం వెలుస్తుంది. పదేళ్లలో అద్దెలు 68 శాతం పెరిగాయని చెబుతూ మేయర్ జౌమె కోల్‌బోని 2024 జూన్‌లో, నగరంలోని 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తరువాత కొనసాగనివ్వబోమని ప్రకటించారు. మరుసటి నెలలో పర్యాటకుల తాకిడిని వ్యతిరేకించే నిరసనకారులు యాత్రికులపై నీళ్లు చిమ్మిన సంగతి మన పత్రికల్లోనూ వచ్చింది. మేయర్ నిర్ణయానికి ఆధారమైన, బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతపు చట్టాన్ని స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం 2025 మార్చిలో సమర్థించింది.

ఈ ఒక్క చర్యతోనే అద్దెలు దిగివస్తాయని నేను అనుకోను. ఏడాదిలోపు గడువుతో ఇచ్చే తాత్కాలిక అద్దెల వైపు యజమానులు మళ్లే వీలుంది, కొత్త ఇళ్ల నిర్మాణమూ చాలినంత లేదు. అయినా ఊరివాళ్లకు ఇల్లు దొరకడం మన వంటగది సౌకర్యం కంటే ముఖ్యమని నా దృఢమైన అభిప్రాయం.

ఫ్లాటే కావాలనుకునేవారు ప్రకటనలో హెచ్‌యూటీబీ అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉందో లేదో చూసి, అది చెల్లుతుందని నిర్ధారించుకున్నాకే డబ్బు కట్టాలి. హోటల్ అనుమతితోనే నడుస్తూ గదిలో చిన్న వంటగది కూడా ఇచ్చే అపార్ట్‌హోటళ్లు ఎయిషాంప్లెలో ఉన్నాయి. మళ్లీ వెళితే మేము అక్కడే దిగుతాం.